లాగితే కణం ఎటు తిరుగుతుంది?

పలచటి సిలికాన్ రబ్బరు రేకు ఒకటి తీసుకుంటారు. కణాలు పట్టుకోవడానికి వీలుగా దాని మీద ప్రోటీన్ పూత పూస్తారు. ఆ పూత మీద ఫైబ్రోబ్లాస్టులు అనే కణాల్ని పెంచుతారు. మన చర్మం కింద, కండని ఎముకకి కట్టే టెండన్లలో, గాయం మానే చోట పీచు అల్లిపెట్టేవి ఇవే. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కోటీ కదురులా మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా, తలో దిక్కుకీ పడుకుని ఉంటాయి. ఇప్పుడా రేకుని మెషిన్‌కి బిగించి, సెకనుకోసారి 10 శాతం సాగదీసి వదులుతూ ఉంటారు. కొన్ని గంటలు అలా నడిపాక చూస్తే, గాలికి ఒరిగిన వరిపైరులా కణాలన్నీ దాదాపు ఒకే వైపుకి తిరిగి కనిపిస్తాయి.

అయితే రేకుని లాగుతున్నది ఒక వైపు, కణాలు తిరిగి పడుకునేది దానికి అడ్డంగా.

1980లో బక్ అనే పరిశోధకుడు దీన్ని ప్రచురించాడు. ఆ తర్వాత రక్తనాళాల లోపొర కణాలతోనూ, నాళాల గోడలోని కండర కణాలతోనూ ఎన్నో ల్యాబుల్లో ఇదే కనిపించింది. మనం మామూలుగా ఊహించేది ఇందుకు పూర్తిగా వేరు. దువ్వెన ఎటు లాగితే వెంట్రుకలు అటే పడతాయి. దూదిని ఎటు లాగితే పీచు అటే సర్దుకుంటుంది. కణం మాత్రం పక్కకి తిరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే రేకుని ఒక్కసారి సాగదీసి, వదలకుండా అలాగే పట్టి ఉంచితే కణాలు లాగిన దిక్కుకే మొగ్గుతాయి. అదే కణం, అదే రబ్బరు, అదే 10 శాతం. పట్టి ఉంచిన లాగుడుకి ఒక జవాబు, లాగి వదిలే లాగుడుకి సరిగ్గా దానికి అడ్డం జవాబు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే కణం లోపల ఏం జరుగుతోందో చాలా వరకు తెలిసినట్టే. అందుకే ముందు దాన్నే విప్పి చూద్దాం.

ముందు లాగేది కణమే

బడిలో మనం గీసిన కణం బొమ్మ ఒక నీళ్ల సంచీలా ఉండేది. మధ్యలో కేంద్రకం, చుట్టూ జీవపదార్థం, బయట ఒక పొర. ఆ బొమ్మలో తాళ్లు లేవు. నిజానికి గట్టి నేల మీద పరుచుకున్న కణం లోపల ఈ కొస నుంచి ఆ కొసకి బిగించిన మోకులు ఉంటాయి. వాటిని స్ట్రెస్ ఫైబర్లు అంటారు. ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు కట్టలు కట్టలుగా చేరి మోకవుతాయి. పోగుల మధ్య మయోసిన్ అనే మరో ప్రోటీన్ దూరి, వాటిని ఒకదాని మీదికి ఒకటి లాగుతూ ఉంటుంది. మన చేతి కండ బిగుసుకోవడానికి వాడే జత ఇదే. మోకు రెండు కొసలూ కణం అడుగున గుంజలకి కట్టి ఉంటాయి. ఆ గుంజల పేరు ఫోకల్ అడెషన్లు. వాటిలోని ఇంటెగ్రిన్లు కణం పొరని దాటి బయటి నేలని పట్టుకుంటాయి.

కణం ఇలా లాగుతుందని కంటికి చూపించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. అది కూడా 1980 నాటిదే. హారిస్, వైల్డ్, స్టోపాక్ అనే ముగ్గురు కణాల్ని అతి పలచటి సిలికాన్ పొర మీద వదిలారు. పరుపు మీద దుప్పటి పరిచి, దాని మీద పిల్లాడు మోకాళ్లతో పాకితే ఎలా ముడతలు పడతాయో, అలా ప్రతి కణం కిందా రబ్బరు ముడతలు పడింది. బయటి నుంచి ఎవరూ లాగలేదు. కణం ఊరికే కూర్చుని కూడా తన కింది నేలని లోపలికి లాక్కుంటోంది.

ఈ లాగుడులో ఒక పద్ధతి ఉంది. నులక మంచం వాడే ఇళ్లలో నులక వదులైతే బిగించి కడతారు. మరీ బిగిస్తే పట్టెలు వంగుతాయి కాబట్టి ఎంత బిగువు కావాలో చేతికి తెలుస్తుంది. కణానికీ తన మోకుల్లో ఎంత బిగువు ఉండాలో ఒక లెక్క ఉంటుంది. తగ్గితే మయోసిన్ లాగి బిగిస్తుంది, పెరిగితే జారి వదులు చేస్తుంది. బిగువు పూర్తిగా పోయిన మోకుని కణం ఉంచుకోదు. పోగులు విడగొట్టి, ఆ ప్రోటీన్లతో ఇంకో చోట ఇంకో మోకు కట్టుకుంటుంది. గుంజలదీ అదే కథ. లాగుతుంటే గట్టిపడతాయి, లాగడం ఆగితే కరిగిపోతాయి.

లాగితే గట్టిపడటం వింతగా అనిపించొచ్చు. దీనికి బాగా తెలిసిన కారణం టాలిన్ అనే ప్రోటీన్. ఇంటెగ్రిన్‌కీ ఆక్టిన్‌కీ మధ్య ఇది కొక్కెంలా ఉంటుంది. మామూలుగా మడతలు పడి ఉంటుంది. కొద్ది పికోన్యూటన్లంత అతి చిన్న బలంతో లాగితే చాలు, మడతలు విప్పుకుంటుంది. ఆ మడతల్లో దాగి ఉన్న చోట్లు బయటపడి, వింక్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి అక్కడ పట్టుకుంటుంది, మరిన్ని పోగుల్ని తెచ్చి కడుతుంది. మడతలు విప్పితే వింక్యులిన్ వచ్చి పట్టుకుంటుందని 2009లో ఒక్కొక్క టాలిన్ అణువునీ పట్టి లాగి చూపించారు. ఒక యాంత్రిక సంగతి రసాయన సంగతిగా మారే మలుపు ఇదే. కణానికి 'లాగుతున్నారు' అన్న కబురు అందేది ఇలాంటి మడతలు విప్పుకోవడం వల్లే.

నిదానంగా లాగితే, గబగబా లాగితే

ఇప్పుడు మళ్లీ రబ్బరు రేకు దగ్గరికి వద్దాం.

రేకుని ఒకసారి సాగదీసి ఉంచామనుకోండి. లాగిన దిక్కులో ఉన్న మోకుల బిగువు పెరుగుతుంది. ఆ కొసల్లో గుంజలు గట్టిపడతాయి. మయోసిన్‌కి బోలెడు టైమ్ ఉంది కాబట్టి నిదానంగా జారి, బిగువుని మళ్లీ తనకి కావలసినంతకి తెచ్చుకుంటుంది. నష్టం ఏమీ లేదు, పైగా ఆ దిక్కులో గుంజలు బలంగా ఉన్నాయి. కాబట్టి కణం అటే మొగ్గుతుంది.

సెకనుకోసారి లాగి వదిలితే కథ మారుతుంది. మయోసిన్ సర్దుకోవడానికి పట్టే టైమ్ పదుల సెకన్లలో ఉంటుంది. రేకు సాగిన అర సెకనులో మోకు తన పరిమితి దాటి బిగుసుకుంటుంది. దాన్ని వదులు చేద్దామనేలోపు రేకు వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడు మోకు ఒక్కసారిగా వదులై వంగిపోతుంది. బిగిద్దామనేలోపు మళ్లీ సాగుతుంది. దండేనికి కట్టిన తాడుని ఎవరో రెండో వైపు నుంచి ఊపుతూ ఉంటే మనం ముడి ఎలా సర్దగలం? ఆ దిక్కులో ఉన్న మోకుకి ఎప్పుడూ సరైన బిగువు దొరకదు. వదులైన ప్రతిసారీ కొన్ని పోగులు ఊడతాయి, చివరికి మోకే పోతుంది. అడ్డంగా ఉన్న మోకుకి ఈ బాధ లేదు. అది మిగులుతుంది, బలపడుతుంది. మోకులన్నీ ఆ దిక్కున మిగిలాక కణం ఆకారం కూడా అటే సాగుతుంది.

అంటే కణం లోపల దిక్సూచి లాంటిదేమీ లేదు. అన్ని దిక్కుల్లోనూ మోకులు కడుతూనే ఉంటుంది. నిలవనివి పోతాయి, నిలిచినవి దిక్కుని తేలుస్తాయి. ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

రూమీ దే, అసాఫ్ జెమెల్, శామ్యూల్ సఫ్రాన్ 2007లో ఈ ఆలోచనని లెక్కల్లో పెట్టారు. కణం తన బిగువు సర్దుకునే వేగానికీ బయటి లాగుడు వేగానికీ మధ్య పోటీగా చూస్తే, పట్టి ఉంచిన లాగుడుకి ఒక దిక్కు, గబగబా లాగి వదిలే లాగుడుకి దాని అడ్డు దిక్కు ఎందుకు వస్తాయో ఒకే లెక్కలోంచి తేలుతుంది. ప్రయోగాలు కూడా అదే చెబుతున్నాయి. మరీ నిదానంగా లాగి వదిలితే కణాలు పట్టించుకోవు. వేగం పెంచేకొద్దీ త్వరగా తిరుగుతాయి. సెకనుకి ఒకసారి చేరాక ఇంకా పెంచినా పెద్ద తేడా రాదు.

సెకనుకి ఒకసారి అంటే ఇంచుమించు మన గుండె వేగం. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

గాజుతో ఒక వృత్తం

ఇందాకటి నుంచి 'అడ్డంగా' అంటున్నాను. అది సరిగ్గా 90 డిగ్రీలు కాదు. కొలిచి చూస్తే చాలాసార్లు 60, 70 డిగ్రీల దగ్గర వస్తుంది. ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు.

పాత సైకిల్ ట్యూబు ముక్కని నిలువునా కోసి పరవండి. దాని మీద చిన్నపిల్లల గాజు ఒకటి పెట్టి సుద్దతో చుట్టూ గీయండి. ఇప్పుడు ఇంకొకరిని పిలిచి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పొడవునా లాగండి. వృత్తం కోడిగుడ్డులా సాగుతుంది. లాగిన వైపు పొడుగైంది, పక్కలకి సన్నబడింది. ఇప్పుడు అదే గాజుని ఆ గుడ్డు మధ్యలోకి వచ్చేలా మళ్లీ పెట్టండి. పొడవు వైపు గీత గాజు బయటికి పోయింది, వెడల్పు వైపు గీత గాజు లోపలికి వచ్చింది. నడుమ నాలుగు చోట్ల గీత సరిగ్గా గాజు అంచు కిందే ఉంది.

ఆ నాలుగు చోట్ల నుంచి వృత్తం మధ్యకి గీసే గీతల దిక్కుల్లో రబ్బరు సాగనూ లేదు, కుంచించుకోనూ లేదు. ఆ దిక్కులో పడుకున్న మోకుకి రేకు సాగుతోందన్న సంగతే తెలియదు. నిలువునా 90 డిగ్రీల్లో ఉన్న మోకుకి అంత సుఖం లేదు, రేకు పక్కలకి సన్నబడినప్పుడల్లా అది వదులవుతుంది.

ఈ కోణం రేకు పక్కలకి ఎంత సన్నబడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. పొడవుగా 10 శాతం సాగి, అడ్డంగా 5 శాతం సన్నబడితే ఆ కోణం సుమారు 55 డిగ్రీలు. అడ్డంగా 1.5 శాతమే సన్నబడేలా బిగిస్తే సుమారు 69 డిగ్రీలు. అసలు సన్నబడకుండా పట్టేస్తే 90. వేర్వేరు ల్యాబుల్లో వేర్వేరు కోణాలు రావడానికి పెద్ద కారణం కణాల్లో తేడా కంటే రేకుని బిగించిన తీరులో తేడానే.

ఇంత చక్కగా లెక్క కుదిరాక దీన్నే పూర్తి జవాబు అనుకున్నవాళ్లు ఉన్నారు. అది పూర్తి జవాబు కాదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో లివ్నే, బూష్‌బైండర్, గైగర్ రేకుని రకరకాలుగా బిగించి, కోణాల్ని జాగ్రత్తగా కొలిచి 2014లో ప్రచురించారు. కణాలు ఆ సాగని దిక్కుకి దగ్గరగా వచ్చాయి కానీ సరిగ్గా దాని మీద ఆగలేదు. తేడా ఒక క్రమంలో ఉంది, కొలతలో పొరపాటు కాదు. వాళ్లు చెప్పిన కారణం ఇది: మోకు పొడవునా ఎంత సాగుతోందన్నది ఒక్కటే చూస్తే చాలదు. మోకులు, గుంజలు అన్నీ కలిసి కణం ఒక రబ్బరు వస్తువు, దానికి పొడవూ వెడల్పూ రెండూ ఉన్నాయి. మొత్తం కణంలో సాగుడు వల్ల నిలవయ్యే శక్తి ఏ కోణంలో అన్నిటికంటే తక్కువో, కణం అక్కడికి వెళ్లి ఆగుతుంది. ఈ లెక్కతో వేస్తే కోణాలు ప్రయోగానికి సరిపోయాయి.

రక్తనాళంలో

గుండె కొట్టుకున్న ప్రతిసారీ పెద్ద ధమని చుట్టుకొలత 5 నుంచి 10 శాతం దాకా పెరిగి తగ్గుతుంది. అంటే గోడ చుట్టూ తిరిగే దిక్కులో, సెకనుకి సుమారు ఒకసారి, 10 శాతం దాకా లాగుడు. ల్యాబులోని రేకు మీద చేసినదంతా మన ఒంట్లో పుట్టక ముందు నుంచీ జరుగుతూనే ఉంది. చుట్టూ తిరిగే దిక్కుకి అడ్డం అంటే నాళం పొడవు. ధమని లోపలి పొర కణాలు సరిగ్గా అలాగే, నాళం పొడవునా సాగి పడుకుని ఉంటాయి.

వాటి మీద ఇంకో బలం కూడా ఉంది, పక్క నుంచి పారే రక్తం రాపిడి. ఇది ఎంత చిన్నదో చెబితే ఆశ్చర్యం వేస్తుంది. మామూలు జిరాక్స్ కాగితం ఒకటి బల్ల మీద పరిస్తే, అది బల్లని నొక్కే ఒత్తిడి సుమారు 0.8 పాస్కల్. ధమని గోడ మీద రక్తం రాపిడి సాధారణంగా 1 నుంచి 2 పాస్కల్స్, అంటే ఒకటి రెండు కాగితాల బరువంత, అదీ పక్కకి రాసుకుంటూ. అదే గోడ మీద రక్తపోటు 120 ఉన్నప్పుడు నేరుగా పడే ఒత్తిడి 16,000 పాస్కల్స్. దానిలో పదివేలో వంతు బలాన్ని ఈ కణాలు గుర్తుపడతాయి, గుర్తుపట్టి ఆ ప్రవాహం దిక్కుకే తిరుగుతాయి. 1981లో డ్యూయీ బృందం ల్యాబులో కణాల మీద ద్రవాన్ని నిలకడగా పారించి దీన్ని చూపించింది.

కణాలు ఈ రాపిడిని గుర్తుపట్టే తీరు రేకు సాగుడుకి వేరు. పొరలోని పియెజో1 అనే రంధ్రం లాగితే తెరుచుకుని కాల్షియంని లోపలికి వదులుతుంది. ఆర్డెమ్ పటాపుటియన్ బృందం 2010లో కనిపెట్టిన రంధ్రం ఇది, 2021 నోబెల్ బహుమతిలో దీనికి భాగం ఉంది. దీనితో పాటు పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే అతుకుల్లోని ప్రోటీన్లు కూడా ఈ కబురు మోస్తాయి.

మంచి సంగతేమిటంటే తిన్నగా ఉన్న ధమనిలో రెండు బలాలూ కణానికి ఒకే మాట చెబుతాయి. గోడ సాగుడు 'నాకు అడ్డంగా పడుకో' అంటుంది, రక్తం 'నా వెంట పడుకో' అంటుంది. రెండూ నాళం పొడవు దిక్కే.

నాళం చీలే చోట అలా ఉండదు. మెడలో కరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర బయటి గోడ పక్కన రక్తం కాలవ మలుపులో నీళ్లలా సుడి తిరుగుతుంది, ఒక క్షణం ముందుకీ ఒక క్షణం వెనక్కీ పోతుంది. అక్కడి కణాలకి ఎటు తిరగాలో తేల్చే బలం లేదు. అవి పొడుగ్గా సాగవు, గులకరాళ్లలా ఉంటాయి. కొవ్వు పేరుకునేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొగాకు ఒంటిలోని ధమనులన్నిటినీ ఒకేలా తాకుతున్నా, పూడిక మాత్రం చీలికల దగ్గర, వంపుల దగ్గర మొదలవుతుంది. వరసగా పడుకున్న కణాల్లో వాపుని అణిచే జన్యువులు పనిచేస్తుంటాయి, వరస లేనిచోట అవి తగ్గుతాయి. మెడ అల్ట్రాసౌండ్ చేసే డాక్టరు ఆ చీలిక దగ్గరే ఎక్కువసేపు ఆగి చూడటానికి కారణం ఇది.

రేకు మీద నిజం, గోడలో కాదు

ఇక్కడిదాకా చదివినవాళ్లు ఒక ప్రశ్న అడగాలి. ధమని గోడ మధ్య పొరలో కండర కణాలు ఉంటాయి. అవి బండి చక్రానికి వేసిన ఇనప పట్టీలా నాళం చుట్టూ తిరిగి పడుకుంటాయి. అంటే సరిగ్గా సాగుడు దిక్కులో. గుండె కొట్టుకున్నప్పుడల్లా వాటినీ అదే సాగుడు లాగుతోంది కదా, అవి ఎందుకు అడ్డంగా తిరగలేదు?

అదే కణాల్ని తీసి రబ్బరు రేకు మీద పెంచి లాగి వదిలితే తిరుగుతాయి. గోడలో తిరగవు. తేడా చుట్టూ ఉన్న పరిసరంలో ఉంది. రేకు చదునుగా ఉంటుంది, ఏ దిక్కుకైనా మోకు కట్టుకోవచ్చు. గోడలో కణం ఎలాస్టిన్ అనే సాగే ప్రోటీన్ పొరల మధ్య, కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పీచు మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ పీచు అప్పటికే ఒక దిక్కులో పరుచుకుని ఉంటుంది. గుంజ పాతుకోవడానికి చోటు ఆ పీచు వెంటే దొరుకుతుంది. ల్యాబులో కొల్లాజెన్ జెల్‌లో పెంచిన కణాలు కూడా, పీచు ఒక దిక్కుకి సర్దుకుని ఉంటే, ఎంత లాగి వదిలినా ఎక్కువగా ఆ పీచు వెంటే ఉండిపోతాయి. దారి ముందే పడి ఉంటే లాగుడు మాట రెండోదవుతుంది.

నా ఉద్దేశంలో ఈ రంగంలో ఇంకా విప్పాల్సిన అసలు ముడి ఇక్కడే ఉంది. రేకు మీది లెక్క చాలా అందంగా కుదిరింది. ఒంట్లో కణం ఒకేసారి నాలుగు మాటలు వింటుంది: ఆగి ఉన్న బిగువు, గుండె లయ, పీచు దారి, పక్క కణాల ఒరిపిడి. వీటిలో ఏది ఎప్పుడు గెలుస్తుందో చెప్పే లెక్క అంత సులువుగా చేతికి రాదు.

మొక్కల్లో ఈ చిక్కు కొంత తక్కువ. మొక్క కణం గోడలో బందీ, తిరగలేదు. దాని బదులు లోపలి మైక్రోట్యూబుల్స్ అనే గొట్టాలు తిరుగుతాయి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క చిగురు మీద ఒలివియే అమాన్ బృందం 2008లో చూపించింది ఇదే: చిగురులో బిగువు ఏ దిక్కున ఎక్కువో గొట్టాలు ఆ దిక్కుకే సర్దుకుంటాయి. వాటి వెంట సెల్యులోజ్ పడుతుంది, గోడ అటు గట్టిపడుతుంది, చిగురు దానికి అడ్డంగా పెరుగుతుంది. ఇక్కడ బిగువు గుండెలా కొట్టుకోదు, నిలకడగా ఉంటుంది. రేకుని సాగదీసి పట్టి ఉంచినప్పటి జవాబే మొక్కలోనూ కనిపించడం గమనించండి.

చివరగా చేతి వేలు. వేలిని మడిచే టెండన్ తెగి, కుట్లు వేయించుకున్నవాళ్లకి ఈ విషయం పుస్తకంలో చదవాల్సిన పని లేదు. కుట్టు పడ్డాక ఆ చోటికి చేరే ఫైబ్రోబ్లాస్టులు మొదట్లో కొల్లాజెన్‌ని చిందరవందరగా పరుస్తాయి, చిక్కుపడ్డ నూలులా. దానికి బలం ఉండదు, పైగా పక్కనున్న కణజాలానికి అతుక్కుపోతుంది. టెండన్‌ని కొద్దికొద్దిగా, ఒక దిక్కులో లాగుతూ ఉంటే పీచు ఆ దిక్కుకి సర్దుకోవడం మొదలవుతుంది. పీచు సర్దుకునేకొద్దీ కొత్తగా వచ్చే కణాలకి ఆ పీచే దారి చూపిస్తుంది. అవి పడుకున్న దిక్కులోనే కొత్త పీచు అల్లుతాయి. ఆ పీచు మళ్లీ తర్వాతి కణాలకి దారి. మరీ ఎక్కువ లాగితే కుట్టు తెగుతుంది, అసలు లాగకపోతే దారి పడదు. అందుకే ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే, వేలు ఇంకా వాచి ఉండగానే, ఫిజియోథెరపిస్టు వచ్చి పట్టీ వదులు చేసి, తన రెండు వేళ్లతో ఆ వేలిని పట్టుకుని, నిదానంగా ఇంత మడిచి మళ్లీ చాపుతారు.